లిమ్మర్ అంటే ఏమిటి

ఫైఫ్ తీరంలోని ఆ చేపల పల్లెలో నినియన్ బడిపంతులు. చర్చి పెద్దలు తగువులు తీర్చడానికి కూర్చున్నప్పుడు రాతపనీ ఆయనదే. 1738 చలికాలంలో మూడు ఆదివారాలుగా ఒకే తగువు రాసి రాసి ఆయనకు ప్రాణం విసిగిపోయింది.

గాలాలకు ఎర గుచ్చుతూ బెస్సీ తన పక్కింటి గ్రిజెల్‌ను "లిమ్మర్" అంది. ఊళ్లో ఆ మాటకు తిరుగుబోతుదని అర్థం. బెస్సీ చర్చిలో అందరి ముందూ నిలబడి ఆ మాట వెనక్కి తీసుకోవాలని గ్రిజెల్ పట్టుబట్టింది.

"మా అమ్మ నన్ను రోజూ అనేది ఆ మాట. పాలు తన్నేసిన ఆవునీ అనేది," అంది బెస్సీ. "ఆవుకి లేని రోషం ఈవిడకెందుకో."

"విన్నారా పంతులుగారూ? నన్ను ఆవుతో పోల్చింది. రాయండి."

"రాశానమ్మా," అన్నాడు నినియన్. రాయలేదు.

పాదిరిగారు కణతలు నొక్కుకుంటూ, "అసలా మాటకి అర్థమేంటో తేల్చవయ్యా," అన్నారు. నినియన్ పాత చర్చి పుస్తకాలు తిరగేశాడు. నూరేళ్ల కిందటి పుటల్లో లిమ్మర్లంతా మగవాళ్లే. ఆయన తల పట్టుకున్నాడు. అంతవరకూ కునికిపాట్లు పడుతున్న పెద్ద, ఎనభై ఏళ్ల గిల్బర్ట్ తాత, కళ్లు తెరిచాడు.

"లిమ్మరంటే దొంగరా అబ్బాయ్. మా తాత రోజుల్లో సరిహద్దుల్లో పశువుల్ని తోలుకుపోయేవాళ్లని అలా అనేవాళ్లు. దొరికితే ఉరే. ఆడవాళ్లకి అంటగట్టింది ఆ తర్వాత."

గ్రిజెల్ మొహం జేవురించింది. "దొంగనా నేను? మొదటిదైనా ఓర్చుకుంటాను గానీ, ఇదా?"

"నాకు ఇదే బాగుంది తాతా," అంది బెస్సీ. "మంగళవారం ఎరకని నా బుట్టలో పెట్టుకున్న ఆలిచిప్పల్లో సగం ఏమైనట్టు మరి?"

"అలకి కొట్టుకుపోయుంటాయి."

"గుమ్మంలో పెట్టిన బుట్టలోవా?"

భోజనం చల్లారిపోతోందని పాదిరిగారు, వచ్చే ఆదివారం బెస్సీ నిలబడాలని తేల్చేసి లేచారు.

బెస్సీ నిలబడింది. "గ్రిజెల్ తిరుగుబోతు కాదు. ఆ అర్థం వెనక్కి తీసుకుంటున్నాను. గిల్బర్ట్ తాత చెప్పింది మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను."

నవ్వాపుకోలేక చర్చి నిండా దగ్గులు మొదలయ్యాయి. బయట గ్రిజెల్ నినియన్ దారికి అడ్డంపడింది.

"ఆ ముసలాయన మాట పుస్తకంలోంచి కొట్టేయండి."

"కొట్టేస్తే, ఎందుకు కొట్టేశానో మళ్లీ రాయాలి తల్లీ," అని ఆయన గబగబా ఇంటిదారి పట్టాడు.

ఆ వారం నుంచి గ్రిజెల్ ఎర గుచ్చుకోడానికి వేరే చోటు చూసుకుంది.