నానమ్మ దాచుకున్న నలుపు

సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చేసరికి జాబిర్ మనిషిలా ఉండేవాడు కాదు. తల, కనుబొమలు, రెప్పలు, మీసం అన్నీ సున్నమే. ఊళ్ళో గోడలకి సున్నం వేసేది ఆయనే. గడప దాటగానే పొడుగాటి గలాబియా అంగీ విప్పి, గాడిద తొట్టి పక్కన వంగి నిలబడేవాడు. ఏడేళ్ళ కూతురు హనియ్యా చెంబుతో నీళ్ళు పోసేది. ముందు చెవులు బయటపడేవి, తర్వాత ముక్కు, ఆఖరికి మీసం. ఇస్నా చుట్టుపక్కల అంత మీసం ఇంకొకరికి లేదు. కాటుకలాంటి నలుపు. అది కనబడగానే హనియ్యా లోపలికి కేకేసేది.

"అమ్మా, నాన్నేనే! వేరేవాళ్ళు కాదు!"

"అయితే రానివ్వు," అనేది ఇన్సాఫ్ పొయ్యి దగ్గర్నుంచి. రోజూ ఇదే మాట, రోజూ నవ్వే.

ఆ ఊరి గోడల్లో ఉప్పుంది. బజారులో కొన్న రంగు ఏది వేసినా నెల తిరక్కుండానే పొలుసులు పొలుసులుగా రాలిపోతుంది. సున్నమైతే ఏడాది ఉంటుంది. ఎప్పటికీ నిలిచేది మనుషులిచ్చిన రంగు ఒక్కటే. గిన్నెలో నీళ్ళు పోసి, ఒళ్ళో పెట్టుకుని, ఇవ్వాలని మనసులో అనుకుని కూర్చుంటే ఒంటి మీది రంగు నీళ్ళలోకి దిగుతుంది. ఇచ్చినవాళ్ళకి అది మళ్ళీ రాదు. ఒకరు లాక్కుందామంటే దిగదు. హజ్ యాత్రకి వెళ్ళినవాళ్ళ ఇంటి ముందు గోడ మీద, వాళ్ళు తిరిగొచ్చేలోపు ఓడా, ఒంటే, కాబా గీయడం అక్కడి ఆనవాయితీ. ఆ బొమ్మలన్నీ వేసిన జాదల్లా అనే ఆయన, ఉన్న రంగంతా వాటికే ఇచ్చి, పోయేనాటికి వలిచిన ఉల్లిపాయలా తెల్లబడిపోయాడు. ఆయన తర్వాత ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. ఎవరి రంగు వాళ్ళకి ముద్దు కదా. అందుకే జాబిర్‌కి చేతినిండా సున్నం పని.

హనియ్యాకి బొగ్గుముక్క దొరికితే చాలు, గోడ కనిపించకూడదు. పొయ్యి వెనక పిల్లి, మెట్ల కింద పడవ, గాదె మీద పక్కింటి ఉమ్ రిజ్క్ మూతి విరుపుతో సహా. సెలవు రోజున జాబిర్ బకెట్టు పట్టుకుని వాటన్నిటినీ వరసగా పూసేసేవాడు. మర్నాటికి అదే చోట ఇంకోటి లేచేది.

నానమ్మ సిత్తుహుమ్ ఆ పిల్లకి గీయడం నేర్పిందని చెప్పడానికి లేదు. ఆవిడకి గీత రాదు. అరుగు మీద కూర్చుని ప్రశ్నలడిగేదంతే.

"ఈ గాడిద ఎక్కడికి పోతోందే?"

"తెలీదు నానమ్మా."

"నీకే తెలీకపోతే దానికేం తెలుస్తుంది పాపం? పో, మన గాడిద చెవులు చూసిరా. ఆకలేస్తే ఒకలా పెడుతుంది, భయమేస్తే ఒకలా పెడుతుంది."

హనియ్యా పూటంతా తొట్టి దగ్గరే కూర్చునేది. తిరిగొచ్చి చెవులు మార్చేది. నానమ్మ చాలాసేపు చూసి, "ఆఁ, ఇప్పుడు ఇంటికి పోతోంది," అనేది. ఆ ఒక్క మాట కోసం పిల్ల అన్నం మానేసేది.

ఒకరోజు హనియ్యా నదిని గీసి, "బొగ్గుతో గీస్తే మురిక్కాలవలా ఉంది," అని ఏడ్చింది. సిత్తుహుమ్ గిన్నెలో నీళ్ళు తెప్పించుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ గడ్డం మీద చిన్నప్పుడు పొడిచిన నీలం పచ్చబొట్టు ఉండేది, మూడు చుక్కలు, కింద చిన్న చేప. సాయంత్రపు అస్రు నమాజు పిలుపు వినబడేసరికి గడ్డం నున్నగా అయిపోయింది, గిన్నె నీలంగా అయింది. ఖర్జూరపు మట్ట కొసని రాయితో దంచి కుంచె చేసి పిల్ల చేతికిచ్చింది.

"అయ్యో, చేప ఏదీ?" అంది ఉమ్ రిజ్క్ రొట్టెల పిండి అడగడానికొచ్చి.

"ఈదుకుంటూ పోయింది," అంది సిత్తుహుమ్.

జాబిర్ మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రం నీళ్ళు కూడా పోయించుకోకుండా సున్నపు మొహంతోనే తల్లి ముందు నిలబడ్డాడు. "పాలు తాగేటప్పట్నుంచీ ఆ చేపని చూస్తున్నానమ్మా. నిన్ను గుర్తుపట్టింది దాంతోనే. పిల్ల బొమ్మల కోసం ఉన్నదంతా ఇలా పోసేస్తావా? రేపు నీకేం మిగులుతుంది?"

"బొమ్మలు మిగుల్తాయిరా."

ఆయన కోపంగా బకెట్టు తీశాడు, గోడ దాకా వెళ్ళాడు, నీలం నది ముందు ఆగిపోయాడు. తల్లి గడ్డం మీద సున్నం ఎలా వేస్తాడు? బకెట్టు అక్కడే దించేశాడు. అయినా ఆ రోజు నుంచి హనియ్యాతో సరిగ్గా మాట్లాడటం మానేశాడు. పిల్ల మీద కోపం కాదు, భయం. దాన్ని కోపంలా చూపించడం మగవాళ్ళకి ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది.

ఆ ఏడాది హజ్ చీటీల్లో సిత్తుహుమ్ పేరు వచ్చింది. ఎన్నేళ్ళుగానో పేరు వేయిస్తూనే ఉంది. ఆవిడ తమ్ముడు షాజ్లీది కూడా వచ్చింది కాబట్టి తోడుకీ లోటు లేదు. ఇల్లంతా ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కూసే జగరూత్‌లతో మారుమోగిపోయింది. బయల్దేరే ముందు రోజు ఆడవాళ్ళు ఆవిడ చేతులకి గోరింటాకు పెట్టారు. అది ఎర్రగా పండిన గంటకే గిన్నె తెప్పించుకుని ఎరుపంతా అందులోకి దింపేసింది.

"ఇదిగో, ఎరుపు ఇది. నీలం ఇంకా ఉంది. నేనొచ్చేసరికి గోడ సిద్ధంగా ఉండాలి."

"మరి కాబాకి నలుపు? బొగ్గు నిలవదుగా?" అంది హనియ్యా.

సిత్తుహుమ్ జుట్టు ఎప్పుడో నెరిసిపోయింది. ఆవిడ దగ్గర నలుపంటూ మిగిలింది కళ్ళలోదే. మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అదిప్పుడివ్వను తల్లీ. కాబాని చూడ్డానికి కావాలి. కళ్ళారా చూసి తెచ్చి ఇస్తాను. అప్పటిదాకా ఆ చోటు ఖాళీగా ఉంచు."

"ఇచ్చేస్తే నీకు కనపడదుగా?"

"చూడాల్సింది చూసేశాక ఇంక కళ్ళతో పనేముంది? నువ్వు గీసి చెప్పు, నేను వింటా."

జాబిర్ పెట్టెకి తాడు కడుతూ ఇదంతా విన్నాడు. "దానికి ఎందుకమ్మా ఇలాంటి ఆశలు పెడతావ్?" అన్నాడు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "దీని ఈడులో నువ్వూ ఈ పొయ్యి గోడ మీదే గాడిదని గీశావు. గుర్తుందా? రంగు కావాలని నా కొంగు పట్టుకుని ఊళ్ళో అంతా తిరిగావు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నా చేపంటే నాకు మురిపెం. ఇవ్వలేదు. మీ నాన్న నీ చేతికి సున్నం బకెట్టు ఇచ్చాడు. నువ్వు మళ్ళీ అడగలేదు." ఆవిడ నున్నటి గడ్డం తడుముకుంది. "ఒక్కసారి మళ్ళీ అడిగుంటే ఇచ్చేదాన్నిరా."

జాబిర్ తాడు బిగించాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

మర్నాడు బస్సు సఫాజా రేవుకి వెళ్ళిపోయింది. హనియ్యా నిచ్చెనెక్కింది. నీలం ఓడ, నీలం అలలు, ఎర్ర ఒంటె, ఎర్ర జెండా, ఓడలో తెల్ల ముసుగుతో చిన్న నానమ్మ. రోజూ జనం గుమిగూడి చూశారు. జాదల్లా మళ్ళీ పుట్టాడన్నారు. మధ్యలో చదరం మాత్రం ఖాళీగా ఉండిపోయింది. నానమ్మ బొమ్మకి కళ్ళూ పెట్టలేదు. ఎవరడిగినా "నానమ్మ తెస్తోంది" అనేది. జాబిర్ పక్కనుంచి వెళ్ళేటప్పుడు నడక నెమ్మదించేవాడు, తల మాత్రం తిప్పేవాడు కాదు.

యాత్రికుల బస్సు డప్పులతో వచ్చింది. షాజ్లీ ఒక్కడే దిగాడు. ఆయన చేతిలో జమ్‌జమ్ నీళ్ళ డబ్బా ఉంది. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాక చెప్పాడు.

"అరఫాత్ మైదానం నుంచి వచ్చాక అక్కకి జ్వరం. రెండో రోజు తెల్లారేసరికి పోయింది. అక్కడే మట్టి చేశాం. అదృష్టవంతురాలు అన్నారందరూ." ఆయన హనియ్యా వైపు చూడలేకపోయాడు. "కాబా ముందు రెప్పవేసేది కాదు తెలుసా? 'అక్కా, కళ్ళు మంట పుడతాయే' అంటే, 'ఉండరా, చిక్కగా పట్టుకెళ్ళాలి, మా పిల్లకి' అంది. ఆఖరికి కళ్ళు నేనే మూశాను. చిక్కటి నలుపు అలాగే ఉంది."

ఇన్సాఫ్ గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. హనియ్యా ఏడవలేదు. బయటికి వెళ్ళి ఖాళీ చదరం ముందు నిలబడింది.

ఆవిడ పోయిన నలభయ్యో రోజు దగ్గరికొస్తోంది. ఉమ్ రిజ్క్ రోజూ వచ్చి మనసులో మాట దాచుకోకుండా చెప్పిపోయేది. "కాబా లేని హజ్ గోడేంటి జాబిర్? పూర్తన్నా చేయించు, సున్నమన్నా కొట్టెయ్. జనం వచ్చి కూర్చునే రోజున ఇలా బోసిగా ఉంటే ఆవిడ ఆత్మ కూడా నొచ్చుకుంటుంది." ఊరంతా అదే మాట. తన నలుపు ఇస్తాననే ధైర్యం ఎవరికీ లేదు, సలహాకి మాత్రం లోటు లేదు.

ఒక మధ్యాహ్నం జాబిర్ తిండికి ఇంటికొస్తే హనియ్యా గోడ నీడలో కూర్చుని ఉంది. ఒళ్ళో గిన్నె. కళ్ళు విప్పార్చి, రెప్ప వేయకుండా గోడకేసి చూస్తోంది. గిన్నెలో నీళ్ళు అప్పుడే సన్నగా మసకబారుతున్నాయి.

ఆయన ఒక్క అంగలో వచ్చి గిన్నెని కాలితో తన్నాడు. నీళ్ళు మట్టిలో ఇంకిపోయాయి. పిల్లని భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"ఏం చేస్తున్నావే? బుద్ధుందా నీకు? ఏం చేస్తున్నావ్?"

"నానమ్మ తెస్తానంది, తేలేదు," అంది హనియ్యా. "నాకూ ఉన్నాయిగా కళ్ళు."

అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ళదీ కలిపి. జాబిర్ ఆ కళ్ళు తన వైపు తిప్పుకుని చూశాడు. కుడి కన్ను బాగానే ఉంది. ఎడమ కన్ను తేనెరంగుకి తిరిగింది. అది ఇప్పటికీ అలాగే ఉంది. ఆయన కూతుర్ని గుండెకి అదుముకుని కూర్చుండిపోయాడు, రొట్టె తినలేదు. తర్వాత లేచి బకెట్టు తీసుకుని, పనికి వెళ్ళిపోయాడు. రేపు ఈ గోడకి సున్నం పడుతుందని ఉమ్ రిజ్క్ వీధిలో అందరికీ చెప్పేసింది.

సాయంత్రం ఎప్పటిలాగే తెల్లగా వచ్చాడు. బకెట్టు గోడ దగ్గర దించి, తొట్టి పక్కన వంగి నిలబడ్డాడు. హనియ్యా చెంబు ముంచింది. చెవులు వచ్చాయి. ముక్కు వచ్చింది. మీసం రాలేదు. ఇంకో చెంబు పోసింది. చేత్తో రుద్దింది. తెల్లటి నీళ్ళు పోయి తేటనీళ్ళు కారుతున్నాయి. మీసం తెల్లగానే ఉంది. కనుబొమలు తెల్లగానే ఉన్నాయి. తలలో ఒక్క నల్ల వెంట్రుక లేదు. ముప్ఫయ్యేళ్ళ మొహం మీద ముసలాయన మీసం.

హనియ్యా చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటి, లోపలికి కేకెయ్యవా?" అన్నాడు జాబిర్. "నాన్నేనే. వేరేవాళ్ళు కాదు."

పిల్ల బకెట్టు దగ్గరికి పరిగెత్తింది. అందులో సున్నం లేదు. అంచుల దాకా నలుపు.

"ఊరి చివర పాత సున్నపు బట్టీలో కూర్చున్నా. ఇంత సులువుగా దిగుతుందని నాకు తెలీదు," అన్నాడు ఆయన, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "చిన్నప్పుడు నేను అడిగితే దొరకలేదు. నువ్వు అడగనైనా లేదు, నీదే పోసేసుకోబోయావు. అంతదాకా రానిచ్చాను చూడు." తువ్వాలు భుజాన వేసుకుని, "పొద్దున్నే మొదలుపెట్టు. నిచ్చెన నేను పట్టుకుంటా," అన్నాడు.

మర్నాడు కాబా నిండింది. తర్వాత హనియ్యా సన్నటి కుంచెతో ఓడలోని నానమ్మకి రెండు కళ్ళు పెట్టింది. సిత్తుహుమ్ కాబాకేసి రెప్పవేయకుండా చూడటం మొదలుపెట్టింది. కింద ఇన్సాఫ్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బకెట్టు అడుగున నలుపు ఇంకా కొంచెం మిగిలింది. హనియ్యా దాన్ని తండ్రి వైపు జరిపింది.

"నువ్వూ వెయ్యి నాన్నా."

"నాకేం వచ్చు?"

పిల్ల జరిపిన బకెట్టుని వెనక్కి తీసుకోలేదు. జాబిర్ అటూ ఇటూ చూశాడు. సున్నానికి పగిలిన వేలు ముంచి, గోడ కింది మూల, గడప పక్కన కూర్చుని గీయడం మొదలుపెట్టాడు. చాలాసేపు గీశాడు. కాళ్ళు కురచ, తల పెద్దది, తోక ఎక్కడికో పోయింది. హనియ్యా ఏమీ దిద్దలేదు. పక్కన చతికిలబడి, నానమ్మలాగే అడిగింది.

"ఈ గాడిద ఎక్కడికి పోతోంది?"

జాబిర్ వేలు గోడ మీదే ఆగిపోయింది. ఆయన తెల్ల మీసం వణికింది.

"మా అమ్మ దగ్గరికి," అన్నాడు.