చివరి ముక్క మర్యాద

మా చేపల ఫ్యాక్టరీ కాఫీ గదిలో ప్రతి శుక్రవారం కేకు పెడతారు. చూస్తూండగానే అంతా అయిపోతుంది, ఒక్క ముక్క తప్ప. ఆ చివరి ముక్క జోలికి ఎవరూ పోరు. పోయినా సగమే కోసుకుంటారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ సగంలో సగం. సాయంత్రానికి అది అగ్గిపుల్లంత మిగిలి, ఎండిపోయి, చెత్తబుట్టలో పడుతుంది. కడుపు కాలుతున్నా సరే, నాకు కావాలని అనకూడదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నార్వేలో అడిగితే అమ్మయినా పెట్టదు.

నేను లిథువేనియా నుంచి వచ్చి ఈ ఊళ్లోనే జుట్టు నెరిసిపోయినదాన్ని గనక నాకిదంతా అలవాటే. కొత్తగా వచ్చిన మా దేశపు కుర్రాడు రిమాంతస్‌కేం తెలుసు? మొదటి శుక్రవారమే ఆ ముక్కని చేత్తో ఎత్తి గుటుక్కున మింగేశాడు. గదిలో అందరూ కొయ్యబారిపోయారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అనరు కూడా. మా సూపర్‌వైజరు ఇంగున్ మాత్రం "నీకు కేకు బాగా నచ్చినట్టుందే!" అని నవ్వింది.

"విల్మక్కా, ఆవిడకి నేనంటే అభిమానం," అన్నాడు బయటికొచ్చాక, మురిసిపోతూ.

"ఒరే పిచ్చోడా, అది తిట్టురా! వీళ్లు తిట్టేది అలాగే."

వాడి మొహం మాడిపోయింది. వాడికి కావలసింది పర్మనెంటు ఉద్యోగం. అది ఉంటేనే ఇల్లు అద్దెకిస్తారు. ఇల్లుంటేనే భార్య యుర్గా, చంటిది ఇక్కడికి వస్తారు. అప్పటిదాకా నలుగురు మగాళ్లతో ఒకే గదిలో, తడి మేజోళ్ల కంపులో పడుకోవాలి. అందుకని మర్యాదలు నేర్పమని నా వెంటపడ్డాడు. నేర్పాను. ఏదిచ్చినా సగం చాలనాలి. పొగిడితే నాదేం లేదనాలి. బస్సులో ఇంకో సీటు ఖాళీగా ఉండగా ఒకరి పక్కన కూర్చోకూడదు. వాడు పరీక్షకి చదివినట్టు బట్టీపట్టాడు. మంచు కరిగేనాటికి ఆ చివరి ముక్కని బ్లేడంత పల్చగా కోయడంలో ఊరివాళ్లనే మించిపోయాడు.

ఈస్టరు సెలవులకి ముందు ఇంగున్ వాణ్ణీ, ఐవిన్‌నీ కాఫీ గదిలోకి పిలిచింది. ఐవిన్ ఈ ఊరివాడే. తండ్రి ఇంట్లో తిని తండ్రి పడవలో తిరిగే బాపతు. నేను అక్కడే కప్పులు కడుగుతున్నాను.

"పర్మనెంటు పోస్టు ఒకటి వచ్చింది. మీరిద్దరూ బాగానే చేస్తున్నారు. ఏమంటారు?" అంది ఇంగున్.

ఐవిన్ నేలచూపులు చూస్తూ, "నాకేం తొందర లేదు. రిమాంతస్‌కే ఇవ్వు," అన్నాడు.

అతి వినయం ధూర్త లక్షణమే. అయినా మాటంటూ వచ్చింది కదా, పట్టుకోవాలి! ఇచ్చెయ్, తీసుకుంటా అంటే అయిపోయేది. వాడికేసి కళ్లురిమాను. తలూపాను. చెంచా కింద పడేశాను. వాడు నావైపు చూస్తేగా! నేను నేర్పిన సంస్కారమంతా మొహంలోకి తెచ్చుకున్నాడు.

"అబ్బే, అంతా నాకెందుకు? సగం చాలు."

"అయితే మిగతా సగం నేను తీసుకుంటాలే," అన్నాడు ఐవిన్, వాడు నోరు మూయకముందే.

ఇంగున్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదీ పద్ధతంటే! రిమాంతస్, నువ్విప్పుడు అచ్చంగా మావాడివి," అంది. ఒక్క ఉద్యోగాన్ని నిలువునా కోసి ఇద్దరికీ చెరిసగం పంచేసింది.

మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏం మాయరోగంరా నీకు? తీసుకోవచ్చు కదా!"

"మళ్లీ బతిమాలుతారనుకున్నానక్కా, మన దగ్గరలాగా."

"వీళ్లు బతిమాలరురా. సగం చాలంటే నిజంగానే సగం చాలనుకుంటారు."

పర్మనెంటయితే ఇల్లు అద్దెకిస్తానన్న ముసలాయన కూడా ఎంతో మర్యాదగానే చెప్పాడు. సగం జీతగాళ్లకి ఇల్లివ్వడం ఆయనకి అలవాటు లేదట. కాఫీ మాత్రం పోశాడు.

ఆ సాయంత్రం మా వంటింట్లో కూర్చుని రిమాంతస్ యుర్గాకి ఫోన్ చేశాడు. పర్మనెంటయిందని గట్టిగా మొదలుపెట్టి, సగమేనని గొణిగాడు. స్పీకరు పెట్టాడు గనక నాకూ వినపడింది.

"సరే. మాలో ఎవర్ని రమ్మంటావ్?" అంది యుర్గా. "నన్నా, పిల్లనా?"