ఏడో పాటలో తాళం

ఏడో పాటలో తాళంలా వినిపించేది విజయమ్మ దగ్గు. అడగకుండా తీసుకున్నారు. దీని మీద వాదన అక్కర్లేదు.

ఆ సంగతి ఆమె మొగుడు ఇశ్రాయేలుకు మే నెలలో ఒక బుధవారం, పొద్దున పదిన్నరకు, పలకరాయి క్వారీ గుంతలో తెలిసింది. మార్కాపురం బయట ముప్పై అడుగుల లోతు గుంత. గాలి దిగదు, ఎండ మాత్రం దిగుతుంది. ఉలి పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి, నల్లరాయిని పొరలుగా విడదీయడం అతని పని. రోజుకు ఆరువందల యాభై. పొర అడ్డంగా పగిలితే మేస్త్రీ తిడతాడు. ఆ పొద్దు అప్పటికి ఒక్కటీ పగల్లేదు.

పక్కన రాయి మోస్తున్న మస్తాన్ బీడీకని ఆగి ఫోను తీశాడు.

"ఇశ్రాయేలన్నా, మీ అరుణ పాట వచ్చిందంట. ఊరంతా వింటాండారు, నువ్వు వినలే?"

"శుక్రవారం గదా అన్నారు."

"శుక్రవారం మొత్తం వస్తాది. ఇప్పుడు ముక్క ఇడిసినారు. ఇంక నీకు ఈ గుంత యాడిదిలే, స్టేజీ ఎక్కుతావు."

"ముందు గుంత ఎక్కనీ."

మస్తాన్ నవ్వి ఫోను రాతి మీద పెట్టాడు.

నల్లపలక రికార్డ్స్ అనే కంపెనీ మార్కాపురంలో మొదలై రెండేళ్లయింది. పలకల ఫ్యాక్టరీ యజమాని వెంకటసుబ్బయ్య కొడుకు మహేష్ దాన్ని గోడౌను మేడ మీద పెట్టాడు. పొదిలి నుంచి, గిద్దలూరు నుంచి, త్రిపురాంతకం, పుల్లలచెరువు నుంచి ర్యాప్ పాడే పిల్లలను పదిమందిని ఏరి తెచ్చాడు. కంపెనీ మొదటి ఆల్బం పేరు 'పది గొంతులు'. ఒక్కొక్కరికి ఒక్కో పాట. ఏడో పాట ఇశ్రాయేలు కూతురు అరుణకుమారిది. సెల్‌ఫోన్ల దుకాణంలో తొమ్మిది గంటలు నిలబడి పనిచేసి, రాత్రి కూర్చుని రాసుకున్న పాట.

ఫోనులో ముందు పలక మీద పలక కొట్టిన చప్పుడు వచ్చింది. ఖంగ్, ఖంగ్, ఖంగ్. నాలుగో దెబ్బ గట్టిగా పడింది. ఆ దెబ్బ కింద ఇంకో చప్పుడు ఉంది. బొంగురుగా, లోపల ఏదో చినిగినట్టు. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ అదే. దాని మీద అరుణ గొంతు లేచింది.

*నా పేరు రాయకముందే నన్ను చెరపాలని చూసినారు*
*తడిగుడ్డతో తుడిస్తే పోయే గీతను గాదు నేను*

ఇశ్రాయేలు ఉలి పక్కకు జారింది. రాయి అడ్డంగా రెండు ముక్కలైంది. మస్తాన్ ఏదో అడిగాడు. ఇశ్రాయేలు ఇంకో రాయి ముందుకు లాక్కున్నాడు.

మధ్యాహ్నం గుంత గట్టు మీద తెల్ల కారు ఆగింది. మహేష్ దిగాడు, అరుణ దిగింది. ఆల్బంకు సంగీతం కట్టిన అల్తాఫ్ ల్యాప్‌టాప్ సంచీతో వెనక సీటు నుంచి దిగాడు. ఇశ్రాయేలు పైకి ఎక్కి వచ్చి, పట్టా కట్టిన నీడలో రాతి మీద కూర్చున్నాడు. చొక్కా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అంకుల్, ముందు కంగ్రాట్స్," అన్నాడు మహేష్. "పదింట్లో మన అరుణ పాటే ఎక్కువమంది వింటాండారు."

"వచ్చిన పని చెప్పు చిన్నయ్యా. గంట కొట్టేలోపల దిగాల."

మహేష్ కాగితం తీశాడు. పాటలో చనిపోయిన మనిషి గొంతు ఉంటే వారసుల సంతకం కావాలని పాటలు ఆన్‌లైన్‌లో పెట్టే కంపెనీ అడిగిందట. సంతకం లేకపోతే ఏడో పాట ఎక్కదు. సంతకం పెడితే ఇరవై వేలు, పాట కింద 'విజయమ్మ జ్ఞాపకార్థం' అనే మాట.

ఇశ్రాయేలు చదువు ఊరి బడిలో అయిదుతో ఆగింది. అయినా చదవడం మరిచిపోలేదు. వేలు పెట్టి, మెల్లగా, బయటికే చదివాడు.

"'సదరు శబ్దము మృతురాలు తన ఇంటి వద్ద, సరదాగా పలకలు మోగించుచుండగా రికార్డు చేయబడినది.' ఎవరింట్లో?"

మహేష్ ఫోను చూసుకున్నాడు.

"అరుణా, నిన్నే. ఎవరింట్లో?"

"షెడ్డులోనే నాయనా," అంది అరుణ. "నేను క్యారియర్ ఇచ్చేదానికి పోయినప్పుడు, ఫోన్లో. ఆ ఒక్క మాటదేముందిలే. ఎవరు చూస్తారు దాన్ని?"

చూసేవాళ్లు ఉన్నారు. వెంకటసుబ్బయ్య ఫ్యాక్టరీలో పలకలు కోసే షెడ్డుకు దుమ్ము లాగే మిషను లేదు. విజయమ్మ ఆ షెడ్డులో పదమూడేళ్లు పనిచేసి, ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడి, కిందటి ఏడు మార్చిలో చనిపోయింది. మొన్న జనవరిలో నరసమ్మ అనే కూలి ముందు నిలబడి, పదకొండుమంది ఆడవాళ్లతో లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టించింది. షెడ్డులో దుమ్మే లేదని, విజయమ్మకు రోగం ఇంటి దగ్గరే వచ్చిందని వెంకటసుబ్బయ్య జవాబు రాసి ఇచ్చాడు.

"ఇది మీ నాయన రాయించినాడా, నువ్వు రాయించినావా?" అన్నాడు ఇశ్రాయేలు.

"లాయరు రాసినాడు అంకుల్. ఫార్మాలిటీ అంతే. ఫ్యాక్టరీకీ పాటకూ సంబంధం లేదు."

"సంబంధం లేకుంటే ఇల్లని ఎందుకు రాసినారు?"

మహేష్ అల్తాఫ్ వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. అల్తాఫ్ మంచి పిల్లవాడు. పని గురించి అడిగితే కళ్లు మెరుస్తాయి.

"మామా, అత్త తాళం ఎంత కరెక్టుగా ఉందో నీకు తెలీదు. ల్యాప్‌టాప్‌లో పెట్టి కొలిచినా. దగ్గు వచ్చిన ప్రతిసారీ సరిగ్గా దాని మీదే దెబ్బ పడతాది. ఎంతమంది డ్రమ్ములు కొట్టేవాళ్లను విన్నానో, అట్ల ఎవరికీ రాదు. నేను దాన్ని ఏం జరపలేదు. వెనక మిషన్ రొద ఒక్కటి తీసేసినా."

"తాళం గాదురా అది."

"మరేంది మామా?"

ఇశ్రాయేలు చొక్కా భుజాన వేసుకున్నాడు. చెప్పాలా వద్దా అని ఆలోచించే మనిషిలా లేడు. ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్న మాటలా చెప్పాడు.

"కోత మిషన్ కాడ నుంచి వచ్చిన పలకను ఆడోళ్లు ఒకదానితో ఒకటి తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, డబ్‌మంటే బీట ఉన్నట్టు. వంద తట్టి పేర్చితే పదిహేడు రూపాయలు. ఎవరన్నా దగ్గినారనుకో, మేస్త్రీ వింటాడు. రోగం మనిషి అని ఆ పొద్దే గేటు బయట పెడతాడు. అందుకని దగ్గు గొంతులోకి వచ్చినప్పుడు పలకను గట్టిగా కొడతారు. చప్పుట్లో చప్పుడు కలిసిపోవాలని. షెడ్డులో అందరూ అట్లే చేస్తారు. మీ అత్త తాళం వెయ్యలేదు. దాచుకునింది."

అల్తాఫ్ సంచీ కిందపెట్టాడు.

"నేను ఆ ముక్కను పాటలో ముప్పై రెండుసార్లు పెట్టినా మామా," అన్నాడు.

మహేష్ తల ఊపుతూ విన్నాడు. అతని మొహంలో జాలి కనిపించింది, వెంటనే ఇంకేదో కనిపించింది.

"అంకుల్, ఇది చానా పెద్ద స్టోరీ. ఇదే మాట కెమెరా ముందు చెప్తారా? శుక్రవారం ఫంక్షన్లో..." అని ఆగిపోయాడు. ఆ మాట ఎవరి షెడ్డు గురించో అప్పటికి తట్టింది. "అంటే, షెడ్డు పేరు వద్దులే. మామూలుగా కష్టాలు అన్నట్టు."

"కష్టాలు అన్నట్టు," అన్నాడు ఇశ్రాయేలు. కాగితం మడిచి అతని చేతిలో పెట్టాడు. "నేను పెట్టను."

"ఇశ్రాయేలూ, పిల్ల బతుకు చెడగొట్టొద్దు." అంకుల్ అనడం అక్కడితో అయిపోయింది. "ఈ పాట పోతే ఇంకో పాట ఇయ్యను. మా నాయన ఇచ్చిన డబ్బుతోనే ఇవన్నీ నడిచేది. ఆల్బంలో పేరు గూడా ఉండదు."

ఇశ్రాయేలు కూతురి వైపు చూడలేదు. చూస్తే బలవంతపెట్టినట్టవుతుందని. పాట ఆమెది, తల్లి కూడా ఆమెదే.

అరుణ గుంతలోకి చూస్తూ నిలబడింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఈ పాట కోసం దుకాణంలో సెలవు అడిగి తిట్లు తిన్నది. శుక్రవారానికని గిద్దలూరు వెళ్లి కొత్త బూట్లు కొనుక్కుంది. ఇప్పుడు వాటితోనే రాళ్ల మీద నిలబడింది.

"తొమ్మిది గొంతులని పేరు మార్చుకో మహేషన్నా," అంది.

"ఆలోచించుకో."

"ఇప్పుడు నువ్వు విన్నది అదే."

"కోపంలో అంటాండావు. రేపొచ్చి కాళ్లు పట్టుకుంటావు."

"కాళ్లు పట్టుకునేదానికి వంగాల గదా. మా అమ్మ పదమూడేళ్లు వంగింది, మా ఇంటికి అది చాల్లే."

మహేష్ కారు తలుపు ధడేలుమని వేశాడు. అల్తాఫ్ సంచీ తీసుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. అతన్ని క్షమించడం ఇశ్రాయేలు పని కాదు.

కారు లేపిన దుమ్ము అణిగాక అరుణ ఫోను తీసింది.

"మొత్తం పదకొండు నిమిషాలు ఉంది నాయనా. అల్తాఫ్‌కు ఇచ్చింది ఒక ముక్కే. ఇందులో మిషన్ రొద ఉంది. మేస్త్రీ గొంతు ఉంది. 'ఎవతే దగ్గేది, బయటికి పో' అంటాడు. తేదీ గూడా ఉంది."

"నరసమ్మకు ఇయ్యి. ఆఫీసులో వినిపించమను. ఏదీ కొయ్యొద్దు, ఏదీ కలపొద్దు."

"ఇప్పుడే పోతా." రెండడుగులు వేసి ఆగింది. "నాయనా, నీకెట్ల తెలుసు? అమ్మ నాకు చెప్పలే. షెడ్డులోకి బయటి మొగోళ్లను రానీరు గదా. దాచుకుంటాందని నీకెట్ల తెలిసింది?"

గుంతలో గంట కొట్టారు. ఇశ్రాయేలు చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. ఒక బొత్తం తప్పు కాజాలో పెట్టి, విప్పి, మళ్లీ పెట్టాడు.

"నేనే నేర్పినా," అన్నాడు. "గుంతలో మేము సుత్తితో అట్లే చేస్తాము. మొదటి దగ్గు వచ్చినప్పుడు మీ అమ్మ పని మానుకుంటా అనింది. నీ కాలేజీ ఫీజు ఉంది, ఇంకొన్నాళ్లు ఓర్చుకో, దగ్గు వస్తే గట్టిగా కొట్టు అన్నాను. బాగా నేర్చుకునింది."

"నాయనా..."

"ఆఫీసోళ్లు అడిగితే ఈ మాట గూడా రాసియ్యి. నా పేరు పెట్టి రాయి, సంతకం పెడతా. నువ్వు మాత్రం నన్ను మళ్లీ అడగొద్దు. నేను సచ్చేదాకా దీని గురించి ఇంకో మాట మాట్లాడను."