ఈ ఫైనల్ నేను చూస్తాను

ఆ ఇంట్లోవాళ్ళు పొడుగుపిల్ల అని పిలుచుకునే టెన్నిస్ క్రీడాకారిణి ఫైనల్‌కి వచ్చిన ప్రతిసారీ పెద్దకోడలు వెళ్ళి బాల్కనీలో నిలబడాలి. తలుపు వేసుకుని మరీ. ఎందుకయ్యా అంటే, ఆవిడ చూస్తే పొడుగుపిల్ల ఓడిపోతుందట! ఎప్పుడో రెండు ఫైనల్స్ ఆవిడ టీవీ ముందు కూర్చున్నప్పుడే పోయాయి. మూడోసారి మధ్యలో లేచి, ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పొడుగుపిల్ల చేతిలో కప్పుంది. ఇంకేం, "వదినది ఐరన్ లెగ్గు" అని మరిది తీర్పు చెప్పేశాడు. అత్తగారు తలూపింది. మొగుడు నోరు మెదపలేదు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అదే చట్టం.

ఇందులో ఒళ్ళు మండే సంగతేమిటంటే, అసలు పొడుగుపిల్లని ఆ ఇంటికి పరిచయం చేసిందే పెద్దకోడలు. ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఈ పిల్ల పేరు ఎవరికీ తెలియని రోజుల్లో, మోకాలికి కట్టుతో ఆడుతూ, పడుతూ లేస్తూ గెలవడం అక్కడి వెయిటింగ్ హాల్ టీవీలో చూసింది. ఇంటికొచ్చి కథలు కథలుగా చెప్పింది. రాకెట్ అంటే దోమల బ్యాట్ అనుకునే ఇల్లది! వాళ్ళకి ఆట నేర్పినావిడ చివరికి బాల్కనీ పాలైంది. లోపల కేకలు వినిపిస్తే పాయింటు వచ్చినట్టు, "అబ్బా" అని వినిపిస్తే పోయినట్టు. తలుపుకి చెవి ఆనించి ఆట చూడడం అలవాటు చేసుకుంది, ఖర్మ.

ఈసారి పొడుగుపిల్లే చెప్పేసింది, ఇదే తన ఆఖరి ఆట అని. ముప్పై ఆరేళ్ళ వయసు, అరిగిపోయిన మోకాలు. అవతల ఆడేది పంతొమ్మిదేళ్ళ పిడుగు. ఇవాళ చూడకపోతే ఆ మనిషి ఫైనల్ ఆడగా చూసే రాత పెద్దకోడలికి ఇక లేనట్టే. అందుకే పని ముగించుకుని వచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా వెళ్ళి సోఫా మధ్యలో కూర్చుంది.

"వదినా, మొదలవుతోంది," అన్నాడు మరిది బాల్కనీ తలుపు తీసి పట్టుకుని, ఎంతో మర్యాదగా.

"తలుపు వేసెయ్. దుమ్మొస్తోంది."

"అదేంటి?"

"ఈ ఫైనల్ నేను చూస్తాను."

అత్తగారు గడ్డం పట్టుకున్నంత పని చేసింది. "ఇవాళొక్కరోజు ఓర్చుకో తల్లీ. ఆఖరి ఆటట కదా, గెలిచి వెళ్ళనీ."

"ఆఖరిదనే కదత్తయ్యా కూర్చున్నాను."

"నువ్వు మాత్రం ఆసుపత్రిలో అందర్నీ గది బయటికి పంపించవూ? ఇదీ అలాగే అనుకో," అన్నాడు మొగుడు, మహా తెలివిగా.

"అక్కడ మెషీన్లోంచి కిరణాలొస్తాయి కాబట్టి పంపిస్తాను. నా కళ్ళలోంచి ఏమొస్తున్నాయి? పోనీ, నా చూపుకి అంత బలముందనే అనుకుందాం. మరి నేను ఎండలో మాడి గెలిపించిన కప్పుల మాటేమిటి? నీ పుణ్యమేనని ఒక్కరైనా అన్నారా? గెలిస్తే ఆవిడ గొప్ప, ఓడితే నా పాపమా?"

మరిది తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

మొదటి సెట్ పోయింది. పోయిన ప్రతి పాయింటుకీ మరిది ఆవిడ వంక కొరకొరా చూశాడు. రెండో సెట్ పొడుగుపిల్ల గెలిచింది. అప్పుడు మాత్రం ఆవిడ ఒకతి అక్కడ కూర్చుందన్న సంగతే ఎవరికీ గుర్తు రాలేదు! మూడో సెట్లో పిడుగు ముందుకెళ్ళింది. ఒక్క పాయింటు దొరికితే ఆట అయిపోతుంది.

"వదినా, దండం పెడతాను. రెండు నిమిషాలు," అన్నాడు మరిది.

ఆవిడ బాసింపట్టు వేసుకుని ఇంకాస్త స్థిరంగా కూర్చుంది. వీళ్ళు చెప్పేది నిజమైతేనో? తనవల్లే ఆ పిల్ల ఓడితేనో? కాళ్ళు లేవబోయాయి కూడా. లేవనివ్వలేదు.

పొడుగుపిల్ల సర్వ్ కొట్టింది. గండం గడిచింది. మళ్ళీ అదే గండం, మళ్ళీ గడిచింది.

"కళ్ళు మూసుకున్నావా?" అన్నాడు మరిది ఆశగా.

"రెప్ప కూడా వెయ్యలేదు."

మూడోసారి బంతి అటూ ఇటూ ఎంతసేపు తిరిగిందో! పొడుగుపిల్ల ఆ మోకాలితోనే మూల నుంచి మూలకి పరిగెత్తింది, జారింది, లేచి కొట్టింది. బంతి నెట్ అంచుకి తగిలి, కాస్త ఎగిరి, ఇవతలే పడింది.

ఓడితే వెంటనే టీవీ కట్టేయడం ఆ ఇంటి పద్ధతి. మొగుడు రిమోట్ అందుకోబోతే ఆవిడ లాక్కుంది. తెరమీద పొడుగుపిల్ల పిడుగుని కౌగలించుకుని ఏడ్చింది, నవ్వింది, నాలుగువైపులకీ చెయ్యి ఊపింది. ఇక్కడ పెద్దకోడలు ముక్కు చీదుకుంటూ, సిగ్గుపడకుండా ఏడ్చింది. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.

మరిది ఆగలేకపోయాడు. "నువ్వు బయటికెళ్ళుంటే గెలిచేది, వదినా."

ఆవిడ తెరమీంచి చూపు తిప్పలేదు.

"గెలిచేదేమో. నేను మాత్రం చూసేదాన్ని కాదు."