రైలు కోసం దాచిన దగ్గు

దగ్గవద్దని నా కూతురు చెప్పింది. నా భార్య దగ్గడం మానేసింది. తర్వాత చనిపోయింది.

ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

లోక్వాట్ పళ్ళచెట్టు ఆకు పైన నున్నగా ఉంటుంది. వెనక నూగు. కుక్కపిల్ల చెవిలాగా మెత్తగా, వేలికి ముద్దుగా తగులుతుంది. ఆ నూగు గొంతులో పడితే మాత్రం వదలదు. దగ్గుకి ఆ ఆకు కషాయమే మందు. నూగు రుద్ది పారేయకుండా మరిగిస్తే — ఆ ఆకే దగ్గు.

మా ఊళ్ళో ఇది చంటిపిల్లకి కూడా తెలుసు. ఫుజియాన్ కొండల్లో మా ఊరు. కొండ నిండా లోక్వాట్ తోటలు. చలిలో పూస్తాయి. ఎండలు ముదరకముందే పండుతాయి. పసుప్పచ్చగా, కోడిగుడ్డు సొనలాగా.

నా భార్య త్సైయున్ ఆ కొండ మీదే పుట్టింది. కాయలు గోలీలంత ఉన్నప్పుడు గుత్తి గుత్తికీ కాగితం సంచి కట్టాలి. లేకపోతే పిట్టలు మిగల్చవు. నేను ఒక కొమ్మ కట్టేలోగా ఆమె చెట్టు దిగేది. దిగి, కింద నిలబడి నవ్వేది.

మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి ఇంటి వెనక ఒకటే లోక్వాట్ చెట్టు. ఎవరూ నాటింది కాదు. పిట్ట వేసిన గింజ. కాయలు పిట్టలే తింటాయి. మేము వచ్చిన రోజు త్సైయున్ పెట్టెలు విప్పకుండానే దాని దగ్గరికి వెళ్ళింది. ఆకు వెనక్కి తిప్పి చూసింది.

"ఇది కూడా మనలాగే వచ్చి పడింది," అంది. "దీన్ని మాత్రం ఎవరూ వీసా అడిగినట్టు లేదు."

ఇక్కడ కాలాలు తలకిందులు. మేలో చలి మొదలవుతుంది. ఆ చెట్టు చలి చూసుకుని పూస్తుంది. నెల పేరు చూసుకుని కాదు.

మా అమ్మాయి యాన్‌పింగ్. ఒక్కతే. సర్కారు ఒక్కరినే కనమన్న రోజులవి. కన్నాం. ఆ ఒక్కతీ సముద్రం దాటింది. ఇక్కడ బిడ్డను కంది. బిడ్డను చూసుకోవడానికి మనిషి కావాలి. రమ్మంది. తోట నా తమ్ముడికి వదిలేసి వచ్చాం.

వచ్చినవాళ్ళు ఉండిపోవాలంటే తల్లిదండ్రుల వీసా కావాలి. దరఖాస్తు పెట్టాం. వరుసలో ఉండమన్నారు.

వరుస అంటే నాకు తెలియనిది కాదు. నా చిన్నప్పుడు నూనెకి వరుస. గుడ్డకి వరుస. పంది కొవ్వుకి వరుస. మా అమ్మకి ఇంట్లో పని ఉంటే వరుసలో ఒక ఇటుక పెట్టి వచ్చేది. ఆ ఇటుకే మా అమ్మ. దాన్ని ఎవరూ జరిపేవారు కాదు. జరిపినవాణ్ణి వీధి వీధంతా తిట్టేది.

ఈ వరుసలో ఇటుక పెట్టే చోటు లేదు. ముందున్నవాడి వీపు కనిపించదు. వెనకున్నవాడి ఊపిరి తగలదు. మీరు వరుసలో ఉన్నారు అంటారు. ఉన్నామని నమ్మాలి.

నమ్మాం.

చెట్టు పూసింది. కాసింది. పిట్టలు తిన్నాయి.

మళ్ళీ పూసింది.

మనవరాలు దౌదౌ నడిచింది. పరుగెత్తింది. మాకు రాని భాషలో మా మీదే ఫిర్యాదులు చెప్పింది.

మళ్ళీ పూసింది...

వరుస కదలలేదు. త్సైయున్‌కి దగ్గు పట్టుకుంది.

పార్కులో మా దేశపు ముసలివాళ్ళు చేరతారు. చప్పట్లు కొట్టుకుంటూ వెనక్కి నడుస్తారు. మోకాళ్ళకి మంచిదట. నడవలేనివాళ్ళు బెంచీ మీద కూర్చుని నడిచేవాళ్ళకి సలహాలిస్తారు. ఆ బెంచీకి యజమాని లాంటివాడు ఫాన్. షాన్‌డాంగ్ మనిషి. మా అందరికంటే ముందు నుంచీ వరుసలో ఉన్నాడు. అదే అతని చదువు.

"చిట్టచివర్లో ఒళ్ళు పరీక్ష చేస్తారు తమ్ముడూ," అన్నాడు ఫాన్. "ఛాతీకి ఫోటో తీస్తారు. లోపల మచ్చ కనబడిందా, మూటాముల్లే సర్దుకోవడమే. ఈ దేశం ముసలాళ్ళనైనా రానిస్తుంది గానీ రోగిష్టి ముసలాళ్ళని రానివ్వదు."

"ముందే ఏ డాక్టరుకైనా చూపించుకుంటే?" అన్నాను.

"చూపించుకో, ఎవడొద్దన్నాడు! నువ్వు చొక్కా గుండీలు పెట్టుకునేలోపు నీ దగ్గు వీసా ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇక్కడ అంతా కంప్యూటరే మరి."

అందరూ తలలూపారు. ఎవరికీ తెలియదు. అందరూ తలలూపారు.

ఆ మాట ఇంట్లో చెప్పాను. యాన్‌పింగ్ ఆశ్చర్యపోలేదు. తల్లిదండ్రులను తెచ్చుకున్న పిల్లలందరికీ ఫోన్‌లో ఒక గుంపు ఉంది. ఆ గుంపు కూడా పార్కు బెంచీ లాంటిదే.

"దగ్గకే అమ్మా," అంది యాన్‌పింగ్. "పక్కింటావిడ నర్సు. కంచె అవతల అన్నీ వినబడతాయి."

"అదేమన్నా నన్నడిగి వస్తుందా?"

"కొన్నాళ్ళు ఓర్చుకో. వీసా చేతికొచ్చాక నీ ఇష్టం, ఎంత కావాలంటే అంత దగ్గుకో. నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్తా."

"తీరా వీసా వచ్చాక దగ్గు రాకపోతే?" త్సైయున్ నవ్వింది. "సరేలే. దాచిపెడతాలే."

దాచిపెట్టింది.

ఆకులు కోసేది. పాత పళ్ళ బ్రష్షుతో వెనక నూగంతా రుద్దేది. నీళ్ళలో కడిగి, వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ రుద్దేది. కలకండ వేసి మరిగించేది. ఇల్లంతా మా ఊరి వాసన వచ్చేది.

తాగేది. తగ్గేది కాదు.

ఇంటి వెనక రైలు పట్టాలు. రైలు వచ్చేముందు గేటు దగ్గర గంట మోగుతుంది. ఆ గంట వినగానే త్సైయున్ ఏ పనిలో ఉన్నా వదిలేసేది. బియ్యం సగం కడిగి వదిలేసేది. దౌదౌ జడ సగం అల్లి వదిలేసేది. చెట్టు కిందికి వెళ్ళి, మాను మీద చెయ్యి వేసి నిలబడేది.

రైలు వచ్చేది.

ఆ చప్పుడులో దగ్గేది. అంతవరకూ దాచినదంతా. ఒళ్ళు రెండుగా మడిచి, పూత రాలేలా దగ్గేది.

రైలు వెళ్ళిపోయేది.

మూతి తుడుచుకుని లోపలికి వచ్చేది. సగం జడ పూర్తి చేసేది.

ఆదివారాలు రైళ్ళు తక్కువ. ఆదివారాలు ఆమె ముఖం ఎర్రగా ఉండేది.

ఒకసారి పట్టాలు బాగు చేస్తున్నారని రైళ్ళు ఆపేశారు. బదులు బస్సులు వేశారు. బస్సులు వేరే వీధిలో. త్సైయున్ చెట్టు కింద నిలబడింది. గంట మోగదని తెలిసీ నిలబడింది. ఆగలేదు. దగ్గింది.

కంచె మీదుగా నర్సు తల కనిపించింది. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, త్సైయున్‌ని చూపించి ఏదో చెప్పింది. ముఖంలో కోపం లేదు. ఓకే, ఓకే అన్నాను. ఆ భాషలో నా దగ్గరున్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రమే ఆమె మా గుమ్మం దాకా వచ్చింది. యాన్‌పింగ్ గుమ్మంలోనే నిలబడి నవ్వుతూ మాట్లాడి పంపేసింది.

"ఏమన్నావే?" అడిగింది త్సైయున్.

"పుప్పొడి పడదని చెప్పాను. వెనక చెట్టు పూసింది కదా."

పాపం చెట్టు మీదికి పోయింది.

చివరికి పిలుపు వచ్చింది. ఒళ్ళు పరీక్షకి రమ్మన్నారు. ఆ రోజు త్సైయున్ కొత్త స్వెట్టరు వేసుకుంది. మెట్లెక్కకుండా లిఫ్టులో వెళ్ళాం. ఆయాసం కనబడకూడదని యాన్‌పింగ్ ముందే చెప్పింది.

ఫోటో తీసే గదిలో ఒక కుర్రవాడు. అతని మాటలు మాకు తెలియవు. బల్ల మీద ఫోన్. ఫోన్‌లో మా భాష చెప్పే ఆడగొంతు — ఎక్కడ కూర్చుందో, ఎవరి బిడ్డో.

"అమ్మా, ఊపిరి పీల్చండి. బాగా. ఇప్పుడు పట్టి ఉంచండి."

పట్టి ఉంచింది.

"ఇంక వదిలేయండి అమ్మా... అమ్మా, వదలొచ్చు."

కుర్రవాడు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇంత కదలకుండా ఎవరూ పట్టలేరని అంటున్నాడని ఆ గొంతు చెప్పింది. త్సైయున్ బయటికి వచ్చి సంబరంగా అదంతా మాకు చెప్పింది. బడిలో మార్కులు వచ్చిన పిల్లలాగా.

ఫోటోకి ఆ సంబరం తెలియదు. ఉన్నది చూపించింది.

అక్కడి నుంచి పెద్దాసుపత్రి. పెద్ద డాక్టరు. మళ్ళీ బల్ల మీద ఫోన్, మళ్ళీ ఎవరి బిడ్డో.

ఎప్పటి నుంచి దగ్గుతున్నారని డాక్టరు అడిగాడు. ఫోన్ ఆ మాట మా భాషలో చెప్పేలోపే యాన్‌పింగ్ జవాబు చెప్పేసింది. డాక్టరు చెయ్యి ఎత్తాడు. అమ్మగారే చెప్పాలన్నాడు.

త్సైయున్ కూతురి వైపు చూసింది.

"ఈ మధ్యే బాబూ," అంది.

డాక్టరు తెర మీద ఫోటో చూపించాడు. ఇది ఈ మధ్యది కాదన్నాడు. ముందే ఎందుకు రాలేదన్నాడు. యాన్‌పింగ్ తల దించుకుని చెప్పింది. వీసా అనే మాట నాకు తెలిసింది. డాక్టరు కుర్చీ త్సైయున్ వైపు జరుపుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మాట్లాడాడు. ఫోన్‌లో గొంతు కూడా నెమ్మదిగానే చెప్పింది.

"వైద్యం చెయ్యడమే నా పని అంటున్నారు అమ్మా. నా దగ్గరికొచ్చి దగ్గినవాళ్ళ సంగతి నేను ఏ వీసా ఆఫీసుకీ చెప్పను అంటున్నారు."

త్సైయున్ తలూపింది.

"మంచివాడు," అంది నాతో. "ముందే తెలిసుంటే రైలుతో పని ఉండేది కాదు."

ఊపిరితిత్తిలో పుట్టినది అప్పటికే ఎముకల్లోకి పాకింది. మందులిచ్చారు. మంచం ఇచ్చారు. తెల్లటి దుప్పటి, చల్లటి నీళ్ళు. మేము వేడినీళ్ళు ఫ్లాస్కులో పట్టుకెళ్ళేవాళ్ళం.

రోజూ ఒక అమ్మాయి వచ్చేది. త్సైయున్‌ని కూర్చోబెట్టి, వీపు మీద దొప్పచేతులతో తట్టేది. దగ్గండి అనేది. తనే దగ్గి చూపించేది. గట్టిగా. లోపలున్న కఫం బయటికి రావాలట. రాకపోతే ఊపిరికి చోటు ఉండదట.

దగ్గండి.

త్సైయున్‌కి దగ్గు రాలేదు.

"దగ్గమ్మా," అంది యాన్‌పింగ్. "దగ్గమ్మా, దగ్గవే... ఎవరూ ఏమీ అనరు."

త్సైయున్ కిటికీ వైపు చూసింది. చెవి ఒగ్గి విన్నది. ఏం వింటున్నదో నాకు తెలుసు.

ఆ ఆసుపత్రి పక్కన రైలు లేదు.

ఆమె పోయిన వారంలో చెట్టు నిండా పళ్ళు. ఏ గుత్తికీ సంచి లేదు. పిట్టలు వచ్చి తిన్నంత తిని, తిననంత పారేసి పోయాయి.

పార్కుకి ఒక్కసారి వెళ్ళాను. ఫాన్ నా పక్కకి జరిగాడు. ఓదార్చాడు. ఓదార్చినవాడు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"పిల్ల వద్దంటే వద్దంది. మొగుడివి కదా, నువ్వైనా తీసుకుపోవాల్సింది తమ్ముడూ."

లేచి వచ్చేశాను. ఆ బెంచీ మీద మళ్ళీ కూర్చోలేదు.

నా వీసా వచ్చింది. నా ఛాతీలో మచ్చ లేదు.

"వచ్చింది నాన్నా," అని యాన్‌పింగ్ రెండు చేతులా ఫోన్ పట్టుకుని చూపించింది. నేను చూడలేదు. పెరట్లోకి వెళ్ళి, గోడ పక్కన పడి ఉన్న ఇటుక ఒకటి తెచ్చి, చెట్టు కింద ఆమె నిలబడే చోట పెట్టాను.

"ఇదేంటి తాతయ్యా?" అంది దౌదౌ.

"మీ అమ్మమ్మ."

"ఇటుక కదా!"

"ఇటుకే."

యాన్‌పింగ్ గడ్డి కోసేటప్పుడు దాని చుట్టూ కోస్తుంది. ఇటుకని జరపదు. ఆ మాత్రం నేర్పాం.

ఒకే ఇంట్లో ఉంటాం. ఒకే బల్ల మీద తింటాం. చేప తల ఇప్పటికీ తిప్పి నా వైపే పెడుతుంది. తింటాను. రుచి గురించి మాట్లాడను.

ఈ చలికి చెట్టు మళ్ళీ పూసింది. పొద్దున్నే కిటికీ తీస్తే బాదంపప్పు వాసన. ఇంట్లోకి జలుబు వచ్చింది. దౌదౌ బడి నుంచి తెచ్చింది. దౌదౌకి తగ్గింది. యాన్‌పింగ్‌కి తగ్గలేదు.

వంటింట్లో దగ్గుతుంది. మెట్ల మీద దగ్గుతుంది. తలుపులన్నీ తెరిచి ఉండగా, గంట మోగకుండానే, గట్టిగా దగ్గుతుంది.

ఎవరూ వద్దనలేదు.

నిన్న పెరట్లోకి వెళ్ళాను. ముదురాకులు చూసి కోశాను. నీళ్ళ పంపు దగ్గర కూర్చున్నాను. త్సైయున్ వాడిన పళ్ళ బ్రష్షు ఇంకా అక్కడి డబ్బాలోనే ఉంది. వెంట్రుకలు అరిగి, పక్కకి వాలి...

చేతిలోకి తీసుకున్నాను.

ఆకు వెనక్కి తిప్పాను. కుక్కపిల్ల చెవిలాగా మెత్తగా ఉంది.

కలకండ వేసి మరిగించాను. ఇల్లంతా వాసన. గిన్నె తీసుకెళ్ళి యాన్‌పింగ్ ముందు పెట్టాను. వాసనకే దాని కళ్ళు నిండాయి.

"నాన్నా... దీని నూగు—" అని ఆగిపోయింది.

"తాగు," అన్నాను.

నా ముఖంలోకి చూసింది. గిన్నెలోకి చూసింది. రెండు చేతులా ఎత్తి, ఆగకుండా తాగింది.

వెనక గేటు గంట మోగింది. రైలు వచ్చింది. ఆ చప్పుడులో అది దగ్గిందో, ఏడ్చిందో నాకు వినబడలేదు.

ఆకు వెనక నూగు రుద్దానో లేదో అది అడగలేదు. నేను చెప్పను.

ఇక ఈ సంగతి ఎప్పటికీ ఎత్తను.