ఎడమ చేతి యాక్షన్

ఊరికి బయల్దేరేలోపు షాహబాజ్ చేయవలసిన పనులు ఇవి. ఫుజైరా వెళ్ళి ఖల్ఫాన్ బాబా చేత రైఫిల్ ఆర్డరు మీద ఆఖరి సంతకం పెట్టించుకోవాలి. దాన్ని జర్మనీ కార్ఖానాకు పంపాలి. షాపు తాళాలు ముదీర్‌కు, అంటే మేనేజరుకు, అప్పగించాలి. భార్య బుష్రా పాత స్కానింగు ఫోటో ఫోనులో ఎక్కడుందో వెతకాలి. కొడుకు ఫర్దీన్‌కు బూట్లు కొనాలి, కొనేముందు సైజు అడగాలి. ఉతికి ఆరేసిన చొక్కాలు రూములో వాళ్ళెవరైనా తొడుక్కోకముందే మడిచి పెట్టెలో పెట్టుకోవాలి.

ఇవేమీ పెద్ద పనులు కావు. అయినా వాటిని తలుచుకుంటేనే అతనికి ఒళ్ళు బరువెక్కుతోంది. ప్రొద్దుటూరు దగ్గర పరుపులు కుట్టుకుని బతికే ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడు షాహబాజ్. షార్జాలో వేట సామాన్లు అమ్మే షాపులో చేరిన రోజు నుంచీ, చదువుకున్నవాడు కదా అని కాగితం అన్నది ఏది వచ్చినా అతని నెత్తినే పడింది. ఒకసారి లైసెన్సుల తనిఖీ వచ్చిందని సెలవు ఆగింది. ఇంకోసారి ఎగ్జిబిషన్ అడ్డమొచ్చింది. ఆ రెండుసార్లూ కడపలో బుష్రా పిత్తాశయంలో రాళ్ళ ఆపరేషను కూడా వాయిదా పడింది. ఆయన వచ్చాకే చేయించుకుంటానని ఆమే డాక్టరుతో చెప్పింది. ఈసారి మంగళవారానికి తేదీ ఇచ్చారు. ఇంకా జరిపితే నొప్పి ఎప్పుడు ముదురుతుందో చెప్పలేమని కూడా అన్నారు.

ఫుజైరా కొండల దారిలో షాపు బండి నడుపుతున్నది జగిత్యాల భూమేశ్.

"ఏంది భాయ్, ఇంటికి పోయెటోని మొకమేనా ఇది? వీసా ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టు గుంజుకున్నట్టు కూసున్నవ్."

"నిద్ర లేదులే భూమేశూ."

"పిలగాడు గుర్తువడుతడా నిన్ను?"

"ఫోన్లో రోజూ చూస్తాడు కదప్పా."

"ఫోన్ల నువ్వు ఇంతే ఉంటవ్ గద," అంటూ భూమేశ్ అరచేయి చూపించాడు. "రేపు నిలువెత్తు మనిషిని జూసి జడుసుకుంటడేమో జర సూస్కో."

షాహబాజ్ నవ్వాడు. భూమేశే మళ్ళీ అడిగాడు.

"ఒక్క తుపాకికి ఇన్ని నెలలాయె. యాక్షన్, యాక్షన్ అంటరు. తుపాకంటె తుపాకే గద."

"యాక్షన్ అంటే దాని గుండెకాయ అనుకో. పిడి పట్టుకోని బోల్టు వెనక్కి లాగితే కాల్చిన తూటా బయట పడతాది. ముందుకు తోస్తే కొత్తది గొట్టంలోకి పోతాది. కట్టె మార్చుకోవచ్చు, గొట్టం మార్చుకోవచ్చు. యాక్షన్ తప్పుగా ఎంచుకుంటే ఇంకేం చేసినా పనికిరాదు."

నిజంగానే ఆ ఎంపికకు నెలలు పట్టింది. అబుదాబీలో ఉద్యోగం చేసే బాబా కొడుకు సయీద్ తేలికైన కొత్తరకం యాక్షన్ కావాలన్నాడు. అందులో బోల్టు తూటాను ఊరికే ముందుకు నెడుతుంది. తండ్రి ఒప్పుకోలేదు. ఆయన వెళ్ళబోయేది టాంజానియాకు, అడవిదున్న వేటకు. తూటా మేగజైన్ నుంచి పైకి లేవగానే ఉక్కు గోరుతో దాని అంచును పట్టుకుని, బయట పారేసేదాకా వదలని పాతకాలపు యాక్షనే కావాలని పట్టుబట్టాడు. తుపాకీ తలకిందులైనా, చెయ్యి వణికినా అందులో తూటా జారదు. చివరికి అదే ఖాయమైంది. పెద్ద తూటాకు సరిపడే అలాంటి యాక్షన్ ఒకటి కార్ఖానాలో సిద్ధంగా ఉంది. సంతకం అందితే పని మొదలుపెడతామన్నారు.

కుడిచేతిదా, ఎడమచేతిదా అన్న చోట "కుడి" అని రాసింది షాహబాజే. అడగాలని తోచలేదు. అతిథులు కూర్చునే మజ్లిస్‌కు వెళ్ళిన ప్రతిసారీ బాబా కుడిచేత్తోనే కాఫీ ఫింజాన్ అందించాడు, కుడిచేత్తోనే ఖర్జూరం పెట్టాడు, కుడిచేత్తోనే పెన్ను పట్టాడు. షాహబాజ్‌ను చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ముట్టుకున్నందుకు వాళ్ళ నానమ్మ మణికట్టు మీద కొట్టింది. అన్నం తినే చెయ్యే తుపాకీ పట్టే చెయ్యి కూడా అనుకున్నాడు. భుజం కొలతలు కూడా బాబా నుంచి తీసుకోలేదు. సయీదే తన తండ్రి పాత రైఫిల్ తెచ్చి, దీన్నిబట్టే చేయించండి అని ఇచ్చి వెళ్ళాడు.

వాళ్ళు చేరేసరికి ఖల్ఫాన్ బాబా వాకిట్లో నిమ్మచెట్ల దగ్గర చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఓ మేక లేత కొమ్మలు కొరుకుతోంది. ఆయన దాన్ని అదిలించలేదు. చేతికర్రను ఎత్తి, తుపాకీలా భుజానికి ఆనించి, మేక మీదికి గురిపెట్టి నోటితో చప్పుడు చేశాడు. మేక లెక్కచేయలేదు.

కర్ర ఆనింది ఎడమ భుజానికి.

షాహబాజ్ బండి తలుపు వేయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"బాబా, మీరు ఎడమ భుజం మీంచి కాలుస్తారా?"

బాబా కుర్రతనంలో బొంబాయికి సరుకు పడవల మీద తిరిగిన మనిషి. ఉర్దూ, అరబిక్ కలిపి మాట్లాడతాడు. "కుడి కన్ను నీళ్ళయిపోయింది, యా వలదీ, బిడ్డా. కొవిడ్ ఏడాది నుంచీ ఆ కంటికి ఏదీ ఆనదు. సయీద్‌కు చెప్పకు. వేట మాన్పించి ఇంట్లో కూర్చోబెడతాడు."

"మరి బోల్టు కుడివైపు ఉంటుంది కదా. ఎలా లాగుతారు?"

ఆయన కర్రతోనే చేసి చూపించాడు. ఎడమచేతిని ట్రిగ్గర్ ఉండే చోటు నుంచి తీసి, కర్ర పైనుంచి అవతలికి చాచి, లేని పిడిని వెతుక్కున్నాడు. కర్ర కొన పక్కకు ఒరిగింది. చెంప కట్టె మీంచి లేచిపోయింది. ఇదే రెండో తూటా వేయవలసిన క్షణమైతే ఎదుట ఉండేది మేక కాదు.

"ఎడమచేతికి కూడా చేస్తారు బాబా. పిడి ఎడమవైపు ఉంటుంది."

ముసలాయన కర్ర దించాడు. "అట్లాంటిది ఉందా?" అని అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు. ఇన్ని నెలలుగా ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కాఫీ తాగుతూ విషయమంతా విన్నాక ఆయనే అన్నాడు. "నువ్వు ఊరికి పోవాలన్నావు కదా. ఉన్నదే ఉండనీ. నాకు అలవాటైపోయింది. కాగితం ఇటివ్వు." కుడిచేత్తో పెన్ను అందుకున్నాడు.

షాహబాజ్ కాగితం ఇవ్వలేదు. బయటికి వచ్చి ముదీర్‌కు ఫోను చేశాడు.

ముదీర్ అంతా విని పెద్దగా ఊపిరి వదిలాడు. ఎడమచేతి యాక్షన్ కొత్తగా చేయాలి, కొలతలు మళ్ళీ తీయాలి, పర్మిట్ కాగితాలు మార్చాలి. "ఆర్డరు రాసింది నువ్వు, కార్ఖానాతో మాట్లాడేది నువ్వు. నువ్వు పోతే ఇది ఇక్కడే ఆగిపోతుంది, వేట సీజన్ దాటిపోతుంది. సయీద్ కుడిదే ఒప్పుకున్నాడు. సంతకం తీసుకుని ఖలాస్ అనుకుంటే ఎవరూ నిన్ను అడగరు. లేదంటే సెలవు జరుపుకో. నీ ఇష్టం."

గోడ నీడలో కూర్చున్నాడు షాహబాజ్. కోపం కూడా రావడం లేదు. దానికీ కాస్త సత్తువ ఉండాలి. కాసేపటికి బుష్రాకు ఫోను కలిపాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తనే తప్పు రాశానని కూడా చెప్పాడు.

"అయితే మంగళారానికి రారు."

"రాలేను."

"మీ దుబాయ్‌లో తుపాకీకి ఉండే హడావిడి మనిషికి లేదే."

అటువైపు కుక్కరు కూత వేసింది. ఆమె వెళ్ళి పొయ్యి ఆపి వచ్చింది.

"ఆ ముసలాయనకు ఒక కన్నేనా?"

"ఒకటే."

"ఎదురుగా దున్న వస్తే?"

"అదే నా భయం."

"సరేలే. ఆ పని చేసుకోనే రాండి. మా అక్క షాహీన్ ఆపా తోడొస్తాది. ఈసారి తేదీ మార్చేది లేదు, డాక్టరమ్మ తిడతాది. ఫర్దీన్ బూట్లు మాత్రం పెద్ద సైజువి తీసుకోండి. మీరొచ్చేసరికి వాడి కాళ్ళు ఆగవు."

ఫోను పెట్టేశాక షాహబాజ్ లోపలికి వెళ్ళి బాబాను లేచి నిలబడమన్నాడు. భూమేశ్ బండిలోంచి కొలత టేపు తెచ్చాడు. ఎడమ భుజం నుంచి, ఎడమ చెంప నుంచి, ఎడమ కన్ను నుంచి కొలతలన్నీ మళ్ళీ తీశారు.

"టికెట్ సంగతేంది భాయ్?" అన్నాడు భూమేశ్ చెవిలో.

"టేపు సరిగ్గా పట్టుకో."

రైఫిల్ సీజన్‌కు అందింది. ఖల్ఫాన్ బాబా టాంజానియా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ ఎడమచేతి యాక్షన్ ఎంత సాఫీగా తిరుగుతుందో ఫుజైరా మజ్లిస్‌లో వచ్చినవాళ్ళందరికీ తిప్పి చూపిస్తుంటాడు. చూసినవాళ్ళు జర్మనీ పనితనాన్ని మెచ్చుకుంటారు. ముదీర్ పేరు అడుగుతారు.

ఆ మంగళవారం కడప ఆసుపత్రిలో, భర్త చేయవలసిన సంతకం షాహీన్ ఆపా చేత చేయించి, ఫోను ఆమె చేతికిచ్చి ఆపరేషను గదిలోకి వెళ్ళిన మనిషి పేరు ఆ మజ్లిస్‌లో ఎవరికీ తెలియదు. ఆమె పేరు బుష్రా. ఇది చదివినవారు వీలైతే ఎప్పుడైనా ఒకసారి ఆమెను తలుచుకోండి.