మెలిక పడ్డ టేపు

బావకు గొంతు ఆపరేషన్ అయి పదకొండేళ్లయింది. స్వరపేటిక తీసేశారు. ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. ఆయన మనవరాలికి ఏడేళ్లు. తాతయ్య పుట్టినప్పటి నుంచీ అంతేననుకుంటుంది.

ఒకరోజు అక్క తన పాత టేప్ రికార్డర్ తెచ్చి నా రిపేరు షాపులో పని బల్ల మీద పెట్టింది. పైన రెండు పెద్ద చక్రాలు తిరిగే రకం. పెళ్లయిన కొత్తలో కొన్నారు. ఆ రకంలో అన్నిటికంటే చవకది. దానికున్నది ఒక్కటే టేపు.

“దీన్లో మీ బావ గొంతుందిరా. ఒకసారి టేపు ఊడి నేల మీద కుప్ప పడితే ఆయనే చేత్తో చుట్టాడు. అప్పట్నుంచి గొణుగుడు తప్ప ఏం రాలేదు. చెరిగిపోయిందనుకుని అటక మీద పడేశాం. పిల్ల ఒక్కసారైనా వినాలి. చూడు.”

“చూస్తా.”

“ఒకాయనకి గొంతు లేదు, ఒకడికి నోరు లేదు. నా ఖర్మ.”

లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. స్పిరిటుతో తుడిచి కొత్తది వేశాను.

మర్నాడు అక్క, బావ, పిల్ల ముగ్గురూ వచ్చారు. టేపు ఎక్కించాను. గొణుగుడే. పిల్ల చెవి ఆనించి విని, “ఇదేనా తాతయ్య గొంతు?” అంది. బావ పలకను ఒళ్లో బోర్లించుకుని తల దించుకున్నాడు.

మిషను ఆపి టేపును వెలుతురుకు పట్టి చూశాను. టేపుకు ఒక వైపే గోధుమరంగు పొడి ఉంటుంది. మాట దాన్లోనే ఉంటుంది. ఆ వైపు, మిషన్లో మాటను చదివే హెడ్డుకు తగలాలి. ఇక్కడ నున్నగా మెరిసే వైపు తగులుతోంది. బావ చేత్తో చుట్టినప్పుడు ఒక మెలిక పడి మొత్తం తిరగబడిపోయింది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఇదే తప్పు చేసి చీవాట్లు తిన్నాను.

చక్రాల మధ్య టేపుకు ఎదురు మెలిక వేసి, చివరిదాకా రెండో చక్రానికి ఎక్కించాను. మెలిక తీసి మళ్లీ వెనక్కి చుట్టాను. మీట నొక్కాను.

“హలో, హలో. పనిచేస్తోందే. ఏమే, ఏదన్నా మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“రోజంతా వాగుతావుగా. ఇప్పుడేమైంది?”

తర్వాత పెద్ద నవ్వు. బావ నవ్వు.

అక్క స్టూలు మీద కూలబడింది. నలభై ఏళ్లుగా ఇలాంటి మిషన్లు విప్పి బిగిస్తున్నాను. తుప్పులాంటి పొడి, కాస్త అయస్కాంతం, అంతేనని నాకు తెలుసు. ఆ చిటికెడు పొడిలో ఒక మనిషి నవ్వు ఇన్నేళ్లు కూర్చుని ఉందంటే మాత్రం నాకు ఒళ్లు జలదరించింది. మీట మీది వేలు తీయడం కూడా మరిచిపోయాను.

పిల్ల స్పీకరు మీద అరచెయ్యి పెట్టింది. “తాతయ్యా, వణుకుతోంది.”

బావ ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. టేపులో మాటకు తగ్గట్టు ఆయన పెదాలు కదులుతున్నాయి. పిల్ల కాసేపు చక్రాలనూ, ఆయన నోటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత చక్రాల వంక చూడటం మానేసింది. ఆయన ముఖంలోకే చూస్తూ అంది.

“ఇంకా చెప్పు, తాతయ్యా.”